రంగు దిగిన బొంత

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో ఒక అపరాధం జరిగింది. చేసినవాణ్ణి నేనే కనుక దాన్ని ఇక్కడ ఒప్పుకోవడమే మర్యాద.

మా అమ్మ చీరలతో మా చిన్నమ్మ కుట్టి ఇచ్చిన బొంత మీద మా అమ్మాయి చేతిలోని టీ ఒలికింది. మరక అరచేయంత కూడా లేదు. తడిగుడ్డతో తుడిస్తే పోయేదేమో. కానీ బట్టలుతకడం గురించి ఏమీ తెలియని మగవాడికి ఏడాదికోసారి శుభ్రత మీద అభినివేశం పుడుతుంది చూశారూ, అది నన్ను ఆవహించింది. స్నానాల గదిలో పెద్ద తొట్టి పెట్టి, గుప్పెడు సబ్బుపొడి చల్లి, బొంతను నాలుగు మడతలుగా అందులో కుక్కి, కాలితో రెండు తొక్కులు తొక్కి, మిగతాది పొద్దున చూసుకోవచ్చునని పడుకున్నాను.

పొద్దున తొట్టిలో ఉన్నవి నీళ్ళలా లేవు. దిష్టి తీసి నాలుగు బాటల కూడలిలో పారబోసే ఎర్రనీళ్ళలా ఉన్నాయి.

బొంతను పైకెత్తేసరికి చేతులు కూడా ఎర్రబడ్డాయి. అడుగు పొర మా నాయన ధోవతులు. అమ్మకంటే పదేళ్ళ ముందే వెళ్ళిపోయిన మనిషి ధోవతులు. మడత పడిన చోటల్లా వాటిమీద ఎర్రటి చారలు. పైపొరలో ఆకుపచ్చ ముక్క అంచు బురదరంగుకు తిరిగింది, పసుపు ముక్క నారింజ అయింది. నడిమధ్యన ఉన్న ఎర్రచీర ముక్క మాత్రం, తనకేమీ తెలియనట్టు, రాత్రి ఎంత ఎర్రగా ఉన్నదో పొద్దున కూడా అంతే ఎర్రగా ఉన్నది. మిగిలిన వాటినన్నింటినీ పాడుచేసి తాను మాత్రం ఏమీ పోగొట్టుకోకపోవడం నాకు అన్యాయంగా తోచింది.

బొంత సంగతి తెలియని మిత్రులు కొందరుంటారు (మా ఆవిడది గుంటూరు వైపు, పెళ్ళైన కొత్తలో ఆమె దీన్ని పరుపు మీద పరిచే అలంకారమనుకున్నది). కనుక నాలుగు మాటలు చెప్పాలి. మా వైపు బొంత అంటే పాతచీరల పొరలు. నాలుగైదు నూలుచీరలను ఒకదానిమీద ఒకటి నేలమీద పరిచి, మూలలకు రోళ్ళో రాళ్ళో బరువుపెట్టి, దబ్బనంతో పొడుగు కుట్లు వేసుకుంటూ పోతారు. అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి, చదరంలో చదరంగా. కొందరు పైపొరకు మంచి చీర ఒకటి పూర్తిగా వేస్తారు. కొందరు ముక్కలు అతుకుతారు. చిన్నమ్మ అతుకుల బొంత కుట్టింది. అమ్మ పోయిన ఏడాదికి పెట్టె విప్పి, ఒక్కొక్క చీర నుంచి ఒక్కొక్క ముక్క కోసి, రెండు ఎండాకాలపు నెలలు మధ్యాహ్నాలన్నీ దానిమీదే కూర్చుందట. దిండి వాగుకు అవతల కల్వకుర్తి దిక్కున అమ్మ పుట్టిల్లు, ఇవతల దేవరకొండ దిక్కున అత్తిల్లు. ఒకటి పాలమూరు, ఒకటి నల్లగొండ. రెండు జిల్లాల చీరలూ ఆ పెట్టెలో కలిసి ఉండేవి. ఆకుపచ్చది నారాయణపేట చిన్నగళ్ళ చీర, పెళ్ళిళ్ళకు కట్టేది. పసుపుది గద్వాల నూలుచీర, పట్టంచు ఎప్పుడో చిరిగితే అంచు తీసేసి పొలానికి కట్టేది. తక్కినవన్నీ అంగట్లో కొన్న మిల్లు చీరలు. అవి ఒక్కోటీ ఎన్ని వందలసార్లు బండమీద దెబ్బలు తిన్నాయో లెక్క లేదు.

ఎర్రది పోచంపల్లి. నేను కొన్నది. 2003లో మొదటి జీతం అందుకున్న వారం హైదరాబాదులో ఒక దుకాణానికి వెళ్ళి, బేరమాడడం చేతగాక, చెప్పిన ధర చెప్పినట్టే ఇచ్చి కొన్నది. ఎరుపు మీద తెలుపు నలుపు చదరాలు, వాటి అంచులు కొంచెం అలుక్కుపోయినట్టు.

ఆ పొద్దున మా ఇంట్లో వైద్యసలహాలకు కొదవలేదు. మా ఆవిడ ఉప్పు వేయమన్నది. ఎదురింటావిడ వెనిగర్ అన్నది. అపార్టుమెంటు కాపలాదారు భార్య పటిక బిళ్ళ తెచ్చి ఇచ్చింది. నేను మూడూ చేశాను. ఒకదాని తర్వాత ఒకటి, ఒక శాస్త్రమూ లేకుండా. నీళ్ళు కాసేపు తేటబడ్డట్టుండి మళ్ళీ ఎర్రబడ్డాయి. పటిక మీద నాకు కొంచెం ఆశ ఉండేది. మా జిల్లా పేరు ప్రపంచపు ఇంజినీరింగు పుస్తకాల్లోకి ఎక్కింది పటిక పుణ్యాన్నే మరి. నీళ్ళలోని ఫ్లోరైడును పటిక, సున్నం కలిపి అడుగుకు దింపే పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970లలో రూపొందించి దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ఆ పేరు ఆఫ్రికా దేశాల దాకా పోయింది. ఊళ్ళో ఎముకలు వంగిన మనుషులు మాత్రం ఊళ్ళోనే మిగిలారు. సరే, అది వేరే కథ.

సాయంత్రానికి ధైర్యం తెచ్చుకుని చిన్నమ్మకు ఫోన్ చేశాను.

"బొంత ఉతికిన చిన్నమ్మా. రంగు దిగింది."

"ఏ ముక్క దిగింది?" అన్నది. ఎందుకుతికినవని గానీ, ఎట్ల ఉతికినవని గానీ అడగలేదు. వైద్యుడు నొప్పెక్కడని అడిగినట్టు అడిగింది.

"ఎర్రది. నడిమిట్లది. పోచంపల్లి చీర."

అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "నాదే తప్పు బిడ్డా. అది ఒక్కసారన్న నీళ్ళల్ల ముంచి కోయాల్సింది. తక్కినయన్ని పాతయి, వాటి రంగు ఎన్నడో దిగి అయిపోయింది. గది కొత్తది గదా" అన్నది.

"కొత్తదేంది చిన్నమ్మా? ఇరవై ఏండ్ల కింద కొన్న."

"కొన్నవు. అక్క కట్టలేదు గదరా."

నేను ఏమనాలో తెలియక ఊరుకున్నాను. ఆమె చెప్పుకుంటూ పోయింది. పెట్టెలో అన్నిటికంటే అడుగున, పాత దినపత్రికలో చుట్టి, డాంబరు గోలీలు వేసి పెట్టిందట. చుట్టాలెవరన్నా వస్తే తీసి చూపించేదట, మా పెద్దోడు కొన్నడని. చూపించి మళ్ళీ అవే మడతలమీద మడిచి పెట్టేదట. "ఒక్కసారన్న కట్టుకోయే అంటే, ఖరాబైతదే అనేది. మంచి దినం రానియ్యి అనేది. నీ పెండ్లికి కడ్తదనుకున్న. పెండ్లికి మీ అత్తగారోల్లు పెట్టిన పట్టుచీర కట్టాల్సొచ్చె. ఇగ గట్లనే ఉండిపోయింది. మడత విప్పి కత్తెర పెడుతుంటేనే నాకు చెయ్యి ఆడలేదు. నీళ్ళల్ల ముంచబుద్ధి గాలేదు."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ చీర కొన్న తర్వాత ఇంటికి పోయిన ప్రతిసారీ నేను అడిగేవాణ్ణి, చీర కట్టినవా అమ్మా అని. ఆమె జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. "మొన్న చెరువుగట్టు జాతరకు కట్టిన బిడ్డా. అందరు ఎక్కడిదని అడిగిన్రు." మరొకసారి శివరాత్రికి. ఇంకొకసారి ఎవరిదో పురుడుకు. నేను సంతోషించేవాణ్ణి. ఆ సంతోషంతోనే కాబోలు, ఆ తర్వాత ఇంకో చీర కొనాలన్న ఆలోచన చాలా ఏళ్ళు రాలేదు. ఉన్నది కడుతున్నది కదా!

చెప్పినంతకాలం నిలిచిన ఆ అబద్ధం తొట్టెడు నీళ్ళలో ఒక్క రాత్రిలో బయటపడింది. ఒక్కసారైనా కట్టి ఉతికి ఉంటే ఆ రంగు కొంత అప్పుడే దిగిపోయేది. ధోవతి మీద చారలు చూస్తూ నేను లెక్కవేసింది అదే. ఎంత రంగు దిగిందో అన్నిసార్లు ఆమె దాన్ని కట్టలేదన్నమాట.

చిన్నమ్మ దగ్గర మిగిలిన చీర ఉన్నది. ఒక్క ముక్కే కోసింది, తక్కినది మడిచి దాచింది. మరుసటి ఆదివారం వెళ్ళి దాన్ని తీసుకుని, పుట్టపాక పోయాను. డిగ్రీలో నాతో చదివిన మిత్రుడిది ఆ ఊరు. వాళ్ళ నాన్నగారు చేతనైనన్నాళ్ళు నూలుకు రంగులద్దిన మనిషి. (2016 నుంచి ఆ ఊరు యాదాద్రి భువనగిరి జిల్లా. నారాయణపేట 2019 నుంచి తానే ఒక జిల్లా. కాగితాల మీద ఏమున్నా మా నోళ్ళకు ఇంకా నల్లగొండ, పాలమూరే.)

నాకొక అనుమానం ఉండింది. నన్ను మోసం చేసి అచ్చువేసిన గుడ్డను పోచంపల్లి అని అమ్మి ఉంటారని. నిజం చెప్పాలంటే, అనుమానం కాదు, ఆశ. అట్లా అయితే తప్పు దుకాణదారుడి మీదికి పోతుంది. పెద్దాయన చీర విప్పి, ఒకసారి తిరగేసి చూసి, ఆ ఆశ కూడా తీసేశాడు.

"ప్రింటైతే ఎనుక దిక్కు ఎలిసినట్టుంటది బిడ్డా. ఇది చూడు, రెండు దిక్కుల ఒకటే తీరు. అంచులు జిమ్మినట్టున్నయి చూసినవా? పోగులు కట్టి అద్దినంకనే నేసిన్రు. మగ్గం మీది మాలే. అద్దినోడు తొందరపడ్డడు."

బొటనవేలు నాలుక మీద తడి చేసుకుని చీర మూలన గట్టిగా రుద్ది, నాకు చూపించాడు. వేలు ఎర్రగా ఉన్నది. తర్వాత లోపలినుంచి తెల్ల నూలుపోగులు గుప్పెడు తెప్పించి, వేడినీళ్ళలో తడిపి, చీర మడతలో పెట్టి అరచేత్తో అదిమి పట్టాడు. పోగులు గులాబిరంగుకు తిరిగాయి. ఇది ఏ రంగో చెప్పగలవా బాపూ అని అడిగాను. అనుమానమే అన్నాడు. నాఫ్తాల్ అయి ఉండొచ్చు, లేదా అగ్గువకు దొరికే డైరెక్టు రంగు అయి ఉండొచ్చు. ఏదైనా చివర సబ్బునీళ్ళలో ఉడకబెట్టవలసినంత ఉడకబెట్టలేదని మాత్రం రూఢిగా చెప్పాడు.

ఆ మధ్యాహ్నం ఆయన దగ్గర విన్నదీ, తర్వాత నేను పుస్తకాల్లో చూసుకున్నదీ కలిపి చెబుతాను. నూలుపోగుకూ రంగుకూ మధ్య ఉండే సంబంధం అన్ని రంగులకూ ఒకటి కాదు. కొన్ని చుట్టపుచూపుగా వచ్చినవి. ఉప్పు వేసిన వేడినీళ్ళలో రంగు కలిపి నూలు ముంచితే చాలు, ఎక్కుతుంది. డైరెక్టు రంగులంటే అవే. వాటిలో మొదటిది 1884లో జర్మనీలో పాల్ బోటిగర్ కనిపెట్టిన కాంగో రెడ్. అంతకుముందు నూలుకు ఎరుపు ఎక్కించాలంటే పటికతోనో మరొకదానితోనో ముందు పోగును సిద్ధం చేయవలసి వచ్చేది. ఆ శ్రమంతా ఒక్క దెబ్బతో పోయింది. అయితే శ్రమతోపాటు నిలకడ కూడా పోయింది. అవి పోగును గట్టిగా పట్టుకోవు, ఆనుకుని ఉంటాయంతే. ప్రతి ఉతుకుకూ కొంచెం కొంచెం లేచి వెళ్ళిపోతాయి. దారిలో మరొక నూలుగుడ్డ కనబడితే దానిమీద కూర్చుంటాయి.

నాఫ్తాల్ సంగతి వేరు. పోగును ముందు ఒక ద్రావణంలో ముంచుతారు, అప్పటికి రంగేమీ కనబడదు. ఆ తర్వాత రెండో తొట్టిలో ముంచగానే కళ్ళముందే ఎరుపు పుట్టుకొస్తుంది. పోగు లోపల పుట్టిన ఎరుపు నీళ్ళకు కరగదు కనుక బయటికి రాలేదు. కానీ పోగు పైన కూడా కొంత పుడుతుంది. దాన్ని సబ్బుతో ఉడికించి వదిలించాలి. వదిలించకపోతే చేతికీ అంటుతుంది, పక్క బట్టకూ అంటుతుంది. ఇక 1956లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. వారు తెచ్చిన రియాక్టివ్ రంగులు పోగుతో రసాయనికంగా ముడిపడతాయి, ఆ ముడి తేలికగా విడదు. అయినా తొట్టిలోని రంగులో కొంతభాగం పోగును కాదని నీళ్ళతోనే కలిసిపోతుంది. ఆ భాగం ఇక దేన్నీ పట్టుకోలేదు, ఊరికే గుడ్డలో చిక్కుకుని ఉంటుంది. దాన్ని కడిగేయాలన్నా మరిగే నీళ్ళు కావాలి, ఓపిక కావాలి. ఏ రంగుకైనా ఆఖరి మెట్టు ఉడికించడమే, వంటచెరకు ఖర్చయ్యేదీ అక్కడే. చూసేవాడికి కనబడనిదీ, దాటవేయడానికి వీలైనదీ కూడా అదే.

"మరి ఉప్పు?" అని అడిగాను. నవ్వాడు. "ఉప్పు రంగు ఎక్కిచ్చెటప్పుడు, బిడ్డా. దిగెటప్పుడు గాదు." నీళ్ళలో నూలూ రంగూ రెండూ ఒకే రకపు విద్యుదావేశంతో ఉండి ఒకదాన్నొకటి దూరం నెట్టుకుంటాయి, ఉప్పు ఆ పెడమొహాన్ని తగ్గించి రంగును పోగువైపు తోస్తుంది. నా తొట్టిలో అది చేసిన పని ఏమిటయ్యా అంటే, తేలుతున్న ఎరుపును నాయన ధోవతి మీదికి ఇంకాస్త తోయడం! వెనిగరు పట్టుకూ ఉన్నికీ వాడే కొన్ని రంగులకు పనికొస్తుంది, నూలుకు కాదు. పటిక మంజిష్ఠ వంటి చెట్ల రంగులకు చుట్టం, ఈ రంగులకు కాదు. మూడు వైద్యాలూ మూడు వేరే రోగాలవి.

రంగు పోకుండా అద్దడం మనవాళ్ళకు రాక కాదు. ఆ ఊరే దానికి సాక్ష్యం. తేలియా రుమాలుకు నూలును నూనెలోనూ, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్ళలోనూ రోజుల తరబడి ముంచి పిసికి ఆరబెట్టి, మళ్ళీ ముంచి, అలిజరిన్ ఎరుపుకు పోగును సిద్ధం చేస్తారు. బూడిదలోని క్షారం నూనెను విరిచి పోగు లోపలికంటా పంపుతుంది. తేలియా అన్న పేరే నూనె నుంచి వచ్చింది. చీరాల నుంచి అరబ్బు దేశాలకు ఎగుమతయిన ఆ విద్యను పుట్టపాకలో గజం గోవర్ధన్ గారి వంటివారు నిలబెట్టారు. ఆయనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నల్లగొండ, పాలమూరు ఎర్రచెలకల్లో వాన సగమే పడ్డా పండేది ఆముదం ఒక్కటే అని మా నాయన అనేవాడు. (ఇప్పుడు ఆ చెలకలన్నీ పత్తి.) ఆ పంట పొట్టు రంగును పోగులో బిగిస్తుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు, మేము పొయ్యిలో వేసేవాళ్ళం. ఆ గింజల నూనె గంధకామ్లంతో కలిసి టర్కీ రెడ్ ఆయిల్ అయి, నాఫ్తాల్ కలిపే గిన్నెలోకి మళ్ళీ అద్దకందారు దగ్గరికే వస్తుంది.

ఏమాటకామాటే, గొంగడికి ఈ బాధ లేదు. దాని నలుపు గొర్రె ఇచ్చిన నలుపు. పాలమూరు కురుమలు నేసిన గొంగడిని వాగులో పడేసి తొక్కినా వాగు నల్లబడదు.

ధోవతి సంగతి అడిగాను. ఆయన లేచి, అటకమీది డబ్బా ఒకటి చూపించాడు. హైడ్రోస్. నీలిమందు వంటి తొట్టిరంగులు కరిగించడానికి అద్దకందార్లు వాడేది. "ఇది ఏసి ఉడికిస్తే తెల్లగైతది. కానీ ఏది ఉంచాలె, ఏది తియ్యాలె అని దానికి తెల్వది. పచ్చది పోతది, పస్పుది పోతది. బొంతల ఏ చీర ఏదో మళ్ళ నువ్వు గుర్తువట్టలేవు." రంగు కట్టించే మందు కూడా ఉన్నదట, బజార్లో దొరుకుతుందట. అది వేయవలసింది కుట్టకముందు. ఇప్పుడు వేస్తే చీర ఎరుపుతోపాటు ధోవతి మీది ఎరుపును కూడా శాశ్వతంగా బిగిస్తుంది. అది విని నేను చాలా భయపడ్డాను. ముందురోజే దాన్ని కొనబోయాను మరి.

చివరికి ఆయన చెప్పింది ఏ మందూ లేని పద్ధతి. ఒలికిన రంగు ఇంకా ఎండి బిగుసుకోకుండా బొంతను తడిగానే ఉంచావా అని అడిగాడు. లేదు, ఆరేశాను. "సరే, ఇస్త్రీ అయితే చెయ్యలేదు గదా" అన్నాడు. చెయ్యలేదు. అయితే వేడినీళ్ళు, చాలా నీళ్ళు, సబ్బు. బొంత మడత పడకుండా, ఒకచోట కుప్ప కాకుండా, నీళ్ళలో విడివిడిగా తేలాలి. రంగు దిగుతుంది, దిగనియ్యి. నీళ్ళు చాలినన్ని ఉంటే రంగు నీళ్ళలోనే ఉండిపోతుంది, సబ్బు దాన్ని మళ్ళీ గుడ్డ మీద కూర్చోనివ్వదు. నా మొదటి తప్పు అదేనట. కొంచెం నీళ్ళు, ఎక్కువ గుడ్డ, రాత్రంతా కదలకుండా. "ఊరి బోరు నీళ్ళల్ల మాత్రం ఉతకకు. సబ్బు విరుగుతది."

చన్నీళ్ళలో ఉతికితే రంగు పోదని మనకందరికీ ఇళ్ళలో చెబుతారు. ఒకరకంగా నిజమే. పోదు, ఇంకోనాటికి దాక్కుంటుంది.

వస్తున్నప్పుడు మిత్రుడు దారిలో ఆసు యంత్రం నడుస్తున్న ఇల్లు చూపించాడు. చిటికి కట్టడానికి ముందు పోగును మేకుల చుట్టూ వేలసార్లు తిప్పాలి. ఆ పని ఆడవాళ్ళది, భుజాలు పోయేవి. ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు తన తల్లి భుజం నొప్పి చూడలేక, ఏళ్ళకేళ్ళు తంటాలు పడి 1999లో యంత్రం పూర్తిచేసి, దానికి ఆమె పేరే పెట్టారు, లక్ష్మీ ఆసుయంత్రమని. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది. కొడుకులు తల్లులకు ఇచ్చే వస్తువుల గురించి బస్సులో చాలాసేపు ఆలోచించాను. మా అమ్మ నన్నెప్పుడూ చీర అడగలేదు. ఒకసారి చేద లేని బావికి మోటరు పెట్టించమని మాత్రం అడిగింది. అది నాయనే పెట్టించాడు.

మా కాలనీకి కృష్ణా నీళ్ళొస్తాయి. శనివారం పొద్దున మొదలుపెట్టాం. పై అంతస్తు మీద పిల్లల ఈతతొట్టి ఒకటి గాలి ఊది పెట్టి, గీజరు నీళ్ళూ గ్యాసుపొయ్యి మీద కాచిన నీళ్ళూ బకెట్లతో మోసి నింపాం. బొంత అందులో దర్జాగా విచ్చుకుని తేలింది. మా అమ్మాయి చెక్కకర్రతో దాన్ని అరగంటకోసారి కదుపుతూ కూర్చున్నది. మొదటి నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. రెండోవి కూడా. మూడో వాయికి గులాబి. మా ఆవిడ ప్రతిసారీ ఒక గాజుగ్లాసులో ముంచి తెల్లకాగితం ముందు పట్టి చూసేది, ఆసుపత్రిలో లాగా. ఆదివారం మధ్యాహ్నం ఏడోసారికి గ్లాసులో నీళ్ళూ కాగితమూ ఒకే రంగుగా కనబడ్డాయి. ఎర్రముక్క తడిలో తెల్ల తువ్వాలు అదిమి చూశాను. తువ్వాలు తెల్లగానే ఉన్నది.

పసుపు ముక్క దాదాపుగా పసుపైంది. ఆకుపచ్చ అంచున బురదరంగు పోయింది. ధోవతి మీద చారలు చాలావరకు కరిగాయి గానీ ఒకచోట, సరిగ్గా ఎర్రచీర ముక్క వెనకాల, గులాబిరంగు నీడ ఒకటి మిగిలింది. చిన్న చదరాలు కూడా లీలగా కనబడతాయి దానిలో. ఎనిమిదోసారి నీళ్ళు కాద్దామా అని మా ఆవిడ అడిగింది. వద్దన్నాను. ఎండ మళ్ళుతున్నదన్నాను. గుడ్డ పాతది, ఇంక నానితే కుట్ల దగ్గర పిగులుతుందన్నాను. రెండూ నిజాలే. టీ మరక కూడా అలాగే ఉన్నది, చెప్పడం మరిచాను.

ఉగాదికి చిన్నమ్మ వచ్చింది. వచ్చీ రాగానే కాళ్ళు కడుక్కుని, నీళ్ళు తాగి, బొంత ఏదిరా అన్నది. తెచ్చి మంచం మీద పరిచాను. ముందు తన కుట్లు చూసుకున్నది, ఎక్కడెక్కడ వదులైనాయో. ఒకచోట ఊడిన పోగును పళ్ళతో కొరికి తీసేసింది. తర్వాత బొటనవేలు నాలుకతో తడి చేసుకుని ఎర్రముక్క మీద రుద్దింది. పుట్టపాక పెద్దాయన చేసినట్టే, ఆమెకెవరు నేర్పారో. వేలు వెలుతురుకు పట్టి చూసుకున్నది.

"అయిపోయింది" అన్నది.

మిగిలిన చీర తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పాత మడతలు ఎక్కడున్నాయో వేళ్ళతో వెతుక్కుంటూ కాసేపు కూర్చుని, "దీన్ని ఒకసారి వేడినీళ్ళల్ల పెట్టు బిడ్డా, రేపు" అన్నది. "రంగు పోయినంక చెప్పు. నేను కట్టుకుంట."